పద్నాలుగో బొమ్మ

భువనగిరి కోట ఎక్కి దిగినవాళ్ళు ఎందరో ఉంటారు. నలభై ఏళ్ళుగా తనకు అన్నం పెట్టిన పనిముట్లను ఆ కోట మీద ఒక కోతికి అప్పగించి నవ్వుతూ దిగివచ్చిన మనిషిని మాత్రం నేను ఒక్కరినే చూశాను. ఆమె పేరు తొమోకో. వయసు అరవై ఒకటి. జపాన్ దేశస్థురాలు. అక్కడ మాంగా అని పిలిచే బొమ్మల కథలకు చిత్రకారిణిగా మొదలై, ఆ తర్వాత వీడియో గేముల్లో కనిపించే మనుషులకు రూపం కల్పించడంలో పేరు సంపాదించారు.

నా పేరు స్వర్ణ. మాది హనుమకొండ. హైదరాబాద్‌లో జపనీస్ దుబాసీగా పనిచేస్తాను. మామూలుగా పంపుల కంపెనీల ఇంజనీర్ల మధ్య కూర్చుని, ఈ బోల్టు బిగువు చాలదు, ఆ రబ్బరు నాణ్యత బాగాలేదు అనే మాటలను అటూ ఇటూ చేరవేస్తుంటాను. పోయిన మాఘమాసంలో తొమోకో గారు యానిమేషన్ నేర్చుకునే పిల్లలకు రెండు రోజులు పాఠం చెప్పడానికి వస్తే, ఆమె మాటలు తెలుగులో చెప్పడానికి నన్ను పిలిచారు. పాఠాలు అయిపోయాక ఆమెకు ఇంకా ఐదు రోజులు మిగిలాయి. చార్మినార్ చూపిస్తానన్నాను. ఆమె తల అడ్డంగా ఊపారు.

"విమానంలోంచి రాళ్ళు కనిపించాయి. ఎవరో తీరిగ్గా ఒకదాని మీద ఒకటి పేర్చి పెట్టినట్టున్నాయి. అవి ఏ వైపు ఎక్కువ?"

రాళ్ళు చూడాలనుకునే అతిథి నాకు అదే మొదటిసారి. నల్లగొండ, పాలమూరు వైపు పోదామన్నాను. మర్నాడు పొద్దున్నే నల్లగొండ మనిషి ఖాజా భాయ్ కారుతో వచ్చాడు.

భువనగిరి

ఉప్పల్ దాటి కారు జోరందుకున్నాక తొమోకో గారు తన సంగతి చెప్పుకొచ్చారు. పదిహేడో ఏట సముద్రం పక్కనున్న చిన్న ఊరి నుంచి తోక్యో చేరి, ఒక పెద్ద చిత్రకారుడి దగ్గర పనికి కుదిరారట. నాలుగేళ్ళపాటు ఆమె గీసినవి మూడే: వాన, గడ్డి, జుట్టులో నలుపు. ముఖాలన్నీ గురువు గారివే. "నా వానకు మాత్రం మంచి పేరుండేది" అన్నారు.

తర్వాత ఒక వారపత్రికలో సొంత కథ మొదలుపెట్టారు. చదివినవాళ్ళు కార్డులు రాసి ఏ కథ ఉండాలో, ఏది పోవాలో తేల్చే పద్ధతి అక్కడ. ఆమె కథ పదకొండు వారాలకే పోయింది. ఆపైన రెండేళ్ళు, అన్నం వండే కుక్కరుతోపాటు ఇచ్చే కాగితం మీద మూత ఎలా తీయాలో చూపించే చేతుల బొమ్మలు గీసి బతికారు. అప్పుడే ఒక చిన్న గేముల కంపెనీ పిలిచింది. తెర మీద బొమ్మకు ఇచ్చిన చోటు అడ్డం పదహారు గడులు, నిలువు పదహారు గడులు. అందులో ఒక వీరుడు ఇమడాలి.

"కన్నుకు ఒక గడి పోయింది. నోటికి చోటు లేదు. అందుకని మెడ చుట్టూ ఎర్ర కండువా చుట్టి నోరు కప్పేశాను. పిల్లలకు ఆ కండువా నచ్చింది. బడి పుస్తకాల అట్టల మీదంతా అదే గీసుకున్నారు."

"మీ పేరు మారుమోగి ఉంటుంది" అన్నాను.

"లేదు. మంచి చిత్రకారులను వేరే కంపెనీలు ఎగరేసుకుపోతాయని ఆ రోజుల్లో అసలు పేర్లు వేసేవాళ్ళు కాదు. ఆట చివర్లో నా పేరుకు బదులు ఎండుచేప అని పడింది."

ఈ ముక్క ఖాజా భాయ్‌కి తెలుగులో చెప్పగానే అతను అద్దంలోంచి ఆమె వైపు జాలిగా చూశాడు. "గదేంది మేడం! పని ఈమెది, పేరు ఎండుచేపదా?"

ఆమె పేరు తెర మీదికి రావడానికి ఇంకో ఏడేళ్ళు పట్టిందట. వచ్చాక ముప్పై ఏళ్ళు వెనక్కి తిరిగి చూసుకోలేదు. ఇప్పుడు మాత్రం వచ్చిన చిక్కు చిన్నది కాదు. ఒక కొత్త గేముకు కత్తి పట్టే కథానాయిక కావాలి. పద్దెనిమిదేళ్ళ పిల్ల. తొమోకో గారు పదమూడు బొమ్మలు పంపారు. పదమూడూ తిరిగొచ్చాయి. అన్నీ ఆమె పాత బొమ్మల్లాగే ఉన్నాయన్నారట. నెలాఖరులోగా నచ్చేది రాకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది.

"వాళ్ళన్నది నిజమే. అందుకే బాధ. ఈసారీ కుదరకపోతే ఇక నేను గీయను" అన్నారు, కిటికీలోంచి బయటికి చూస్తూ.

భువనగిరి కోట ఉన్న కొండ ఒకే బండ. దూరం నుంచి చూస్తే పడుకున్న ఏనుగు వీపులా నున్నగా ఉంటుంది. మెట్లు బండలోనే తొలిచారు. సగం దూరం ఎక్కాక ఆమె కూర్చుని, నడుముకు కట్టుకున్న గుడ్డ చుట్ట విప్పారు. అందులో ఆమె పాళీలు, కుంచెలు ఉన్నాయి. ఒకటి రెండు గురువు గారిచ్చినవి. ఎక్కడినుంచి వచ్చిందో ఒక కోతి వచ్చి, చుట్టను చంకన పెట్టుకుని బురుజు అంచుకు ఎక్కి కూర్చుంది. నేను చప్పట్లు కొట్టాను, అరటిపండు చూపించాను. అది ఒక్కో పాళీ తీసి, కొరికి చూసి, రుచి నచ్చక బండ మీదుగా కిందికి జారవిడిచింది. చివరికి గుడ్డ కూడా గాలికి వదిలేసి పోయింది.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. తొమోకో గారు మాత్రం కాసేపు కిందికి చూసి, పొట్ట పట్టుకుని నవ్వారు. కొండ కింద మజ్జిగ అమ్మే ఆమె మా కథ విని, "బువ్వ సంచి అనుకున్నదమ్మా. కలాలని దానికేం ఎరుక?" అని చెరో గ్లాసు పోసింది. జపాన్‌లో కోతులు వేడినీళ్ళ గుంటల్లో కూర్చుని స్నానం చేస్తాయని చెబితే ఆమె నమ్మలేదు.

బజారులో పాళీలు దొరకలేదు. నాలుగు బాల్‌పెన్నులు, ఒక స్కెచ్‌పెన్నుల డబ్బా కొన్నాం. "ఏ క్లాసు పిల్లలకమ్మా?" అని దుకాణదారు అడిగాడు. నేను జపనీస్‌లోకి మార్చి చెప్పగానే తొమోకో గారు ఒక వేలు చూపించారు. ఒకటో తరగతి.

నేతగాళ్ళ ఊరు

మోత్కూర్ దారిలో ఒక ఊళ్ళో మగ్గం చప్పుడు వినిపించి ఆగాం. నర్సింహ అనే డెబ్బై ఏళ్ళ నేత కార్మికుడు గుంటమగ్గం మీద చీర నేస్తున్నాడు. ఎదురుగా గోడకు గళ్ళ కాగితం ఒకటి అంటించి ఉంది. అందులో గళ్ళు నింపి గీసిన చిలక. నూలుకు ఎక్కడ ముడి కట్టి రంగు అంటకుండా ఆపాలో ఆ కాగితం చెబుతుంది.

తొమోకో గారు ఆ కాగితం ముందు అలాగే నిలబడిపోయారు. "ఇది నా పనే" అన్నారు. తమ దేశంలోనూ నూలుకు ముడులు కట్టి రంగు అద్ది నేసే బట్ట ఉందనీ, వాళ్ళ అమ్మమ్మ ఆ నీలం బట్టే కట్టేదనీ చెప్పారు.

తొమోకో గారు గేముల్లో మనుషులను గళ్ళతో చేసేవారని చెబితే నర్సింహ మగ్గం ఆపి లేచాడు. "గట్లయితే నాకో గుర్రం గీసియ్యమనుండ్రి" అని కొత్త కాగితం ఇచ్చాడు. ఆమె బాల్‌పెన్ను తీసి, టీ చల్లారేలోపు పరుగెత్తే గుర్రాన్ని గళ్ళలో నిలబెట్టారు. అతను కాగితాన్ని దూరంగా, దగ్గరగా పెట్టి చూశాడు.

"గుర్రం మస్తుగున్నది. గని అమ్మా, అంచు గింత కోతగ ఉంటే మగ్గం మీద రాదు. నూలు జరుగుతది, రంగు జర చెదురుతది. చెదిరితెనే అది చేతిపని."

ఆమె ఆ మాటను నా చేత రెండుసార్లు చెప్పించుకుని పుస్తకంలో రాసుకున్నారు. ఆయనకు విసుగు రాదా అని అడగమన్నారు.

"ఎందుకు రాదమ్మా? నేసిన చీర సూసి, గసొంటిదే ఇంకోటి గావాలె అంటరు. రెండోది నేస్త. మూడోదానికి చెయ్యి ఒద్దంటది. గప్పుడు ఏదన్న కొత్తది కండ్ల వడేదాక మగ్గం దిగి తిరిగొస్త."

పోతుంటే ఆయన భార్య మా ఒళ్ళో అరడజను బత్తాయిలు పోసింది. ఒకరింటికి అతిథిగా పోయేటప్పుడు మనం ఏదైనా పట్టుకుపోవాలి గానీ, వాళ్ళే మనకు ఇవ్వడం తమ దగ్గర లేదని తొమోకో గారు మొహమాటపడ్డారు. "ఇక్కడ వద్దంటే తప్పు" అన్నాను. ఖాజా భాయ్ దారి పొడవునా బత్తాయిలు ఒలిచిపెట్టించుకుని తిన్నాడు.

మోత్కూర్

మోత్కూర్‌లో పది రూపాయల టీ తాగుతుంటే మద్దెల వినిపించింది. ఎవరింట్లోనో శుభకార్యం, చిందు యక్షగానం పెట్టించారని టీ కొట్టు ఆయన చెప్పాడు. పగటి ఆట. వెతుక్కుంటూ పోతే ఒక ఖాళీ జాగాలో టెంటు వేసి ఉంది. దాని వెనక తడిక చాటున వేషాలు కడుతున్నారు.

ఒక పెద్దామె చిన్న అద్దం మోకాళ్ళ మధ్య ఇరికించుకుని ముఖానికి పసుపుపచ్చ రంగు పూసుకుంటోంది. పక్కన కొబ్బరి చిప్పల్లో ఎరుపు, నలుపు, తెలుపు రంగులు. చివర నలగ్గొట్టి కుంచెలా చేసిన పుల్ల. తేలిక చెక్కతో చెక్కి అద్దాల ముక్కలు అతికిన కిరీటం ఒకటి గోనెపట్టా మీద మెరుస్తోంది. మేము తొంగి చూడగానే ఆమె తల తిప్పకుండానే అంది:

"ఫోటో దిగుతరా? జర ఆగుండ్రి, మీసం దిద్దుకోనియ్యిండ్రి."

"ఫోటో కాదమ్మా. గీమె బొమ్మలేస్తది. జపాన్‌కెళ్ళి ఒచ్చింది" అన్నాను.

"పేరేంది?"

"తొమోకో."

"తోముకోవాల్నా? ఏం తోముకోవాలె? పండ్లా, మొఖమా? ఇప్పుడే గదా రంగు పూసుకున్న!"

తడిక వెనకున్న అందరూ ఒక్కసారి నవ్వారు. అర్థం చెబితే తొమోకో గారు అందరికంటే ఎక్కువ నవ్వారు. అరవై ఏళ్ళలో తన పేరుకు ఇంత ఉపయోగం ఉందని తెలియలేదన్నారు.

ఆ పెద్దామె యాదమ్మ. వయసు యాభై ఆరు. ఆ మేళంలో రాజు వేషం ఆమెదే. "మా నాయిన రాజు ఏషం కట్టేటోడు. ఆయనకు కొడుకులు లేరు. నాకు పన్నెండేండ్లప్పుడు తనే మీసం దిద్ది ఆటల దింపిండు. గప్పటి సంది నేనే రాజును."

ఆడవాళ్ళు రాజు వేషం వేస్తే జనం ఒప్పుకుంటారా అని తొమోకో గారు అడిగారు. యాదమ్మ మీసం కొస మెలితిప్పుతూ చెప్పింది: "ఏషం కట్టినంక ఎంత పెద్దమనిషయినా లేచి నిలవడ్తడు. కడుక్కున్నంక గదే మనిషి, మా నాయిన నీళ్ళడిగితే దూరంకెళ్ళి దోసిట్ల పోసేటోడు. ఇప్పుడు జర మారింది. జరనే."

నేను ఆ మాట జపనీస్‌లో చెప్పాను. తొమోకో గారు యాదమ్మ పక్కనే నేల మీద కూర్చుని, అద్దం పట్టుకున్నారు. వేషం పూర్తయ్యేదాకా అలాగే పట్టుకున్నారు.

ఆట మొదలైంది. తాళాలు, హార్మోనియం, మద్దెల. యాదమ్మ అడుగుపెట్టగానే టెంటు చిన్నదైపోయినట్టనిపించింది. పాట పాడుతూ ఎగురుతుంది, తిరుగుతుంది, కత్తి దూస్తుంది. ఎదిరి రాజు పాత్రధారి ఆమెలో సగం వయసువాడు, ఆయాసపడుతున్నాడు. యుద్ధం మంచి జోరు మీదుండగా కిరీటం తాడు పుటుక్కున తెగింది. కిరీటం పక్కకు ఒరిగింది. యాదమ్మ ఎడమచేత్తో కిరీటాన్ని తల మీద అదిమిపట్టి, కుడిచేత్తో కత్తి ఝళిపిస్తూ, ఒంటికాలి మీద గిర్రున తిరిగింది. ఒక్క తాళం తప్పలేదు. "ఇంకా రా!" అని ఎదిరి రాజు మీదికి నడిచింది. జనం ఈలలతో హోరెత్తించారు. అది ఆటలో భాగమే అనుకున్నవాళ్ళు కూడా ఉండి ఉంటారు.

తొమోకో గారి బాల్‌పెన్ను అప్పటికే కాగితం మీద పరుగెడుతోంది.

ఆట అయిపోయాక ఆ బొమ్మ తీసుకుపోయి యాదమ్మకు చూపించాం. ఎడమచేయి కిరీటం మీద, కుడిచేతిలో కత్తి, కళ్ళలో నిప్పు. నాకైతే అద్భుతంగా అనిపించింది. యాదమ్మ చాలాసేపు చూసింది.

"మొఖం నాదే. కిరీటం నాదే. కాలు మాత్రం నాది కాదు."

"ఏం తప్పమ్మా?" అన్నాను, కొంచెం భయంగా.

"గిది కుర్చీల కూసునేటోళ్ళ కాలు. చిందేసేటోళ్ళు మడిమె మీద నిలవడరు బిడ్డా. సూడు."

లేచి, పంచె కొంచెం పైకి దోపి, కాలు నేలకు ఆనించింది. పిక్క రాయిలా బిగిసింది. బొటనవేలు మట్టిని పట్టుకున్నట్టు వంగింది. గజ్జెల కింద నలభై నాలుగేళ్ళ ఆట కాయలు కాసి ఉంది. తొమోకో గారు మోకాళ్ళ మీద కూర్చుని ఆ పాదాన్నే చూస్తూ నాతో మెల్లగా అన్నారు:

"మొదట్లో నా బొమ్మలకు కాలంటే రెండు గడులే, స్వర్ణా. తర్వాత గడులు వేలల్లోకి పెరిగాయి. నేను మాత్రం ఇన్నేళ్ళూ ఆ రెండు గడుల కాలే గీస్తూ వచ్చాను. నాకు ఎవరూ చెప్పలేదు."

యాదమ్మ కొబ్బరి చిప్పలు ఆమె ముందుకు తోసి, పుల్లకుంచె చేతికిచ్చింది. "మిగిలిన రంగు పారబోసుడే గదా. దీంతోని ఎయ్యమను."

తొమోకో గారు కొత్త కాగితం తీశారు. పుల్ల మొరటుగా కదిలింది. రంగు అంచు దాటి చెదిరింది, ఆమె సరిదిద్దలేదు. పాదంతో మొదలుపెట్టి పైకి పోయారు. కాలి పిక్క, నడుం, బిగిసిన భుజం, కిరీటం పట్టుకున్న చేయి, చివర ముఖం. ముడతలు ఒక్కటీ దాచలేదు. మేళం మొత్తం చుట్టూ మూగింది. ఎండ పసుపురంగుకు తిరిగేవేళకు ఆమె పుల్ల కింద పెట్టారు.

"ఇగో, గిది నేను" అంది యాదమ్మ.

అక్కడే నిలబడి ఫోన్‌తో ఫోటో తీసి తోక్యోకు పంపారు. కింద ఒకే వాక్యం రాశారు: ఈమె వయసు యాభై ఆరు.

నందికొండ

రెండో రోజు మధ్యాహ్నానికి నందికొండలో ఉన్నాం. సాగర్ డ్యాం కట్టినప్పుడు వెలిసిన ఊరు. వరుసగా పాత క్వార్టర్లు, వాటి మధ్య విశాలమైన రోడ్లు. మనకు సాగర్ అంటే గేట్లు ఎత్తినప్పటి నురగే గుర్తుకొస్తుంది. మాఘంలో గేట్లన్నీ మూసి ఉన్నాయి, కృష్ణ గాజుపలకలా కదలకుండా ఉంది. ఒడ్డున ఒక హోటల్లో కారం పట్టించిన చేపముక్కలు వేయించి పెట్టారు. జపాన్‌లో తమ ఊరి వైపు చేపకు ఉప్పు తప్ప మరేదీ తగలనివ్వరట. మొదటి ముక్కకు ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రెండో ముక్క అడిగి పెట్టించుకున్నారు.

అప్పుడే జవాబు వచ్చింది. రాసింది ఆ గేము డైరెక్టరు, ఇరవై తొమ్మిదేళ్ళ కుర్రవాడు. ఆమె పైకి చదివారు: బొమ్మ చాలా బాగుంది. దుస్తులు, కిరీటం అందరికీ నచ్చాయి. వయసు మాత్రం పద్దెనిమిదికి తగ్గించండి. కాళ్ళు సన్నబరచండి. కిరీటం మీది చేయి పొరపాటులా ఉంది, తీసేయండి.

ఆమె ఫోను బల్ల మీద బోర్లించి మళ్ళీ చేప తినసాగారు.

నేను ఉండబట్టలేకపోయాను. దుబాసీకి సొంత అభిప్రాయం ఉండకూడదనేది నా వృత్తి నియమం. అయినా అన్నాను: "తగ్గించెయ్యండి. దుస్తులు నచ్చాయంటున్నారు కదా. పని నిలబడుతుంది. వయసు తగ్గిస్తే ఏం పోతుంది?"

తొమోకో గారు అప్పటిదాకా నా మీద కోప్పడలేదు. ఆ రోజు కోప్పడ్డారు, గొంతు పెంచకుండానే.

"పద్దెనిమిదేళ్ళ పిల్లకు ఆ కాలు రాదు. కాలు లేకపోతే, కిరీటం జారినప్పుడు ఆమె ఆగిపోతుంది. ఆగిపోయేవాళ్ళను నేను ఇప్పటికి పదమూడుమందిని గీశాను."

నాకు సిగ్గేసింది. యాదమ్మ పాదాన్ని పక్కనే నిలబడి చూసినదాన్ని నేను. నీళ్ళ వైపు తిరిగి కూర్చున్నాను. కాసేపటికి ఆమే నా పళ్ళెంలోకి ఒక చేపముక్క జరిపి, జవాబు రాసి చదివి వినిపించారు: "ఏదీ మార్చను. ఇది వద్దనుకుంటే ఈ పని ఇంకెవరికైనా ఇవ్వండి. నేను బాధపడను. కానీ నిర్ణయించే ముందు, ఈ బొమ్మను మీ ఆఫీసు గోడకు ఒక రోజంతా పెట్టి చూడండి."

"బాధపడరా?" అన్నాను.

"చాలా బాధపడతాను" అని పంపే మీట నొక్కారు.

పాలమూరు

మర్నాడు దేవరకొండ మీదుగా పాలమూరు వైపు కారు పోతుంటే ఆమె అడిగిన రాళ్ళు దారికి రెండు వైపులా వచ్చి నిలబడ్డాయి. ఎర్రమట్టి చేలు, వాటి మధ్య గుట్టలు గుట్టలుగా బండలు. ఆమె ఫోను వైపు చూడలేదు. నేనే పది నిమిషాలకోసారి చూశాను. ఖాజా భాయ్ కూడా ఊరుకోలేదు. "జవాబొచ్చిందా మేడం?" అని అడుగుతూ ఒక గుంట చూడక, టైరు పంచరు చేశాడు. టైరు మార్చేలోపు పక్క చేను వాళ్ళు అప్పుడే పీకిన పల్లికాయ తెచ్చి తినమన్నారు. పచ్చి పల్లికాయ ఆమె ఎప్పుడూ తినలేదట. పొట్టు తీయకుండానే ఒకటి నమిలారు.

మహబూబ్‌నగర్‌లో బస్టాండు దగ్గర జొన్నరొట్టెలు చేసే ఒకామె పొయ్యి ముందు కూర్చున్నాం. ఆమె పిండి ముద్దను పీట మీద తిప్పుతూ తట్టుతుంటే అది చంద్రుడిలా గుండ్రంగా వెడల్పవుతోంది. తొమోకో గారు కూడా ప్రయత్నించారు. ఆమె రొట్టె జపాన్ దీవుల ఆకారంలో వచ్చిందని నేనన్నాను. అందరం నవ్వుతుండగా ఫోను మోగింది.

డైరెక్టరు స్వయంగా మాట్లాడాడు. నాకు ఇటువైపు మాటలే వినిపించాయి. "ఔను... ఔను... అవునా?" అటు తిరిగి మెల్లగా ఏదో మాట్లాడారు, యాదమ్మ పేరొక్కటే నాకు వినిపించింది. తర్వాత పిండి అంటిన చేత్తోనే ఆమె ముఖం కప్పుకున్నారు. భుజాలు కదులుతున్నాయి.

రొట్టెలామె కాల్చడం ఆపేసింది. "ఏమైందమ్మా? ఎందుకేడుస్తాంది? ఇంట్ల ఎవరికన్న బాగలేదా?"

ఫోను పెట్టాక తొమోకో గారు చెప్పారు. బొమ్మను గోడకు పెట్టారట. మధ్యాహ్నం భోజనానికి పోయేవాళ్ళు దాని ముందు ఆగారట. ఆఫీసు ఊడ్చే పెద్దామె ఆగి, "ఈమెతో ఆడుకునే ఆట ఎప్పుడొస్తుంది?" అని అడిగిందట. ఆ మాట డైరెక్టరు చెవిన పడింది. పద్నాలుగో బొమ్మ ఒక్క గీత కూడా మారకుండా తీసుకుంటున్నారు. ఆటకు ఆమే నాయిక. ఎదిరి వీరులందరినీ కూడా తొమోకో గారే గీయాలి.

"గెలిచిందమ్మా" అన్నాను రొట్టెలామెతో.

"గట్లనా! గెలిస్తే ఏడుసుడెందుకు? ఇంకో రొట్టె తినమనుండ్రి" అని వేడివేడి రొట్టె ఆమె ఆకులో వేసి, మీద వెన్న పెట్టింది. పైసలు తీసుకోలేదు.

అక్కడినుంచే మోత్కూర్‌కు ఫోను చేశాం. యాదమ్మకు సంగతి చెప్పాక తొమోకో గారు ఇంకో మాట చెప్పమన్నారు: ఆట చివర పేర్లు పడేటప్పుడు యాదమ్మ పేరు తన పేరుకు ముందు పడాలనీ, ఆమెకు రావలసింది ఆమెకు అందాలనీ డైరెక్టరుకు చెప్పి ఒప్పించానని.

"వట్టి యాదమ్మ అంటే ఎవరికెరుక బిడ్డా? మా దిక్కు ఇంటికో యాదమ్మ ఉంటది. మోత్కూర్ యాదమ్మ, రాజు ఏషం అని రాయమను."

మళ్ళీ హైదరాబాద్

యాత్ర అక్కడితో అయిపోయిందనే అనుకున్నాను. కానీ నెల తిరక్కుండానే తొమోకో గారు మళ్ళీ దిగారు. ఆ నాయిక ఎలా నడవాలో, ఎలా ఎగరాలో బొమ్మ చెప్పలేదు కదా. మనిషి ఒంటి నిండా చిన్న చిన్న తెల్లగోళీలు అతికించి, చుట్టూ కెమెరాలు పెడితే, ఆ మనిషి కదిలినట్టే తెర మీద బొమ్మ కదిలే ఏర్పాటు ఒకటుంది. హైదరాబాద్‌లో అలాంటి స్టూడియో అద్దెకు తీసుకున్నారు. ఖాజా భాయ్ మోత్కూర్ వెళ్ళి యాదమ్మను, తాళం, మద్దెల వాయించే ఇద్దరినీ తీసుకొచ్చాడు.

నల్లటి బిగుతు దుస్తుల్లో, ఒంటి మీద గోళీలతో బయటికి వచ్చిన యాదమ్మ తనను తాను అద్దంలో చూసుకుంది. "గిదేం ఏషం అక్కా? రంగు లేదు, మీసం లేదు. రేగుచెట్టు లెక్కున్న" అంది. తొమోకో గారు ఆమె భుజం మీది గోళీ ఒకటి సరిచేసి, తెర వైపు చూపించారు.

తెర మీద ఆ నాయిక నిలబడి ఉంది. కిరీటం, కత్తి, చెదిరిన రంగులు, ముడతలు. యాదమ్మ చేయి ఎత్తింది. ఆమె చేయి ఎత్తింది. యాదమ్మ తల వంచి చూసింది. ఆమె తల వంచింది. గది నిండా కంప్యూటర్ల ముందు కూర్చున్న కుర్రకారు, మాట్లాడుకుంటున్నవాళ్ళంతా, పని ఆపి తెర వైపు తిరిగారు.

యాదమ్మ నెమ్మదిగా కాలు నేలకు ఆనించింది. బొటనవేలు వంగింది. తెర మీద పిక్క బిగిసింది. ఒక్క క్షణం యాదమ్మ కళ్ళలో నీళ్ళు నిండాయి. చెంగు లేదు కనుక మోచేత్తో తుడుచుకుంది. వెనక్కి తిరిగి మద్దెల ఆయన వైపు చూసింది.

"సూస్తరేంది? ఎయ్యుండ్రి దరువు."